వస్తాదు ఎత్తిన గుండు

మహానంది కోనేటి నీళ్ళు దోసిట్లో పట్టుకొని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

డెబ్బైలలో నంద్యాలలోని మా పేటలో ఒక వస్తాదు ఉండేవాడు. గరిడిలో కుస్తీ నేర్పేవాడు. కుందూ నది పొంగిన సంవత్సరం ముసలివాళ్ళనూ బాలింతలనూ భుజాల మీద మోసుకొచ్చి, ఆ గరిడిలోనే పడుకోబెట్టి గంజి పోశాడు. ఆయన పోయాక పేట పెద్దలు గరిడి పడగొట్టి అంగళ్ళు కట్టాలనుకున్నారు. ఆయన రోజూ ఎత్తిన రాతిగుండును మాత్రం ఆళ్లగడ్డ శిల్పులకు పంపి, పేరు చెక్కించి వీధి మొదట్లో పెడతామన్నారు.

వస్తాదు భార్య వచ్చి గరిడి గడప మీద కూర్చుంది.

"పేరు చెక్కితే రాయి తేలికైపోతాదప్పా. ఆయన ఎత్తినంత బరువు ఉండనీండి."

"మరి యాడ పెట్టాలమ్మా దీన్ని?" అన్నాడొక పెద్దాయన.

"ఈడనే. గరిడి గుండు బండెక్కకూడదు, మనిషి భుజం మీదనే గడప దాటాల. మీకు తెలీని ఆచారమా? ఎవడన్నా ఎత్తుకొని దాటితే గరిడి మీ ఇష్టం."

పెద్దలు ఒప్పుకున్నారు. పేటలో మగవాళ్ళందరూ ఎత్తబోయారు. "ఇంతింత సంగటి తినేది ఇందుకేనా?" అని ఆడవాళ్ళు నవ్వారు. గుండు కదల్లేదు. గరిడి నిలిచింది. చివరికి ఆ పెద్దలే దాని కప్పు బాగుచేయించారు.

నేను కల్పించింది ఒక్కటే, గుండు కదల్లేదన్న మాట. వస్తాదు శిష్యుడైన ఒక హమాలీ దాన్ని భుజానికెత్తి గడప దాకా తెచ్చాడు. వస్తాదు భార్య ఇచ్చిన మాట ప్రకారం లేచి దారిచ్చింది. అతను ఆమె ముఖం చూశాడు.

"నా వల్ల కాదు పెద్దమ్మా" అని వెనక్కి నడిచి, గుండును దాని గుంటలోనే మెల్లగా దించాడు.

చూసిన పెద్దలు కూడా కదల్లేదనే చెప్పారు.