అవ్వ ముక్కు

బోధన్‌లో మా పక్కింటి అవ్వ రోజంతా బీడీలు చుట్టేది. పొద్దున్నే ఆమె చేసే మొదటి పని మాత్రం రాత్రి మిగిలిన అన్నం, కూర గిన్నెల మూతలు తీసి వాసన చూడడం. కళ్లు మూసుకుని, గిన్నెను ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, "మంచిగనే ఉంది, తినుండ్రి" అనేది. ఆ మాట కోసం కోడలు గరిటె పట్టుకుని నిలబడేది. వాడకట్టు ఆడవాళ్లు కూడా తమ గిన్నెలు తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఇంకే విషయంలోనూ కొడుకు గానీ కోడలు గానీ ఆమెను అడగడం నేను చూడలేదు.

ఒక ఎండాకాలం, రాత్రంతా పొయ్యి మీదే ఉండిపోయిన కోడికూరకు కూడా అవ్వ అదే మాట చెప్పింది. అందరికంటే ముందు మనవరాలు తిన్నది. మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు గాని పిల్ల దక్కలేదు.

పలకరించడానికి వెళ్తే అవ్వ బీడీల చాట ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

"నీ తప్పేం లేదవ్వా. కూర పాడైనా ఒక్కోపారి వాసన రాదట, డాక్టర్ చెప్పిండు" అన్నాను.

"నాకు ఏ వాసన రాదు బిడ్డ" అంది మెల్లగా. "నిరుడు జెరమొచ్చినప్పుడే పోయింది. గా ముచ్చట చెప్తే, ఇంట్ల నన్ను అడిగేటోళ్లు ఎవలుంటరు?"