నైరుతి మూలలో గ్రైండర్

ఈ కథలో ఎవరికీ ఏమీ కాలేదని ముందే చెప్పేస్తున్నాను. పోయింది నా పరువొక్కటే. అదీ మామూలుగా పోలేదు, ఐ-75 హైవే మీద రెండు లేన్లు ఆక్రమించుకుని, అటూ ఇటూ ఊగుతూ మరీ పోయింది.

అప్పట్లో నేను అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఒక కార్ల కంపెనీలో ఇంజినీరుని. ఏం పని చేసేవాణ్ణో చెబితే నవ్వకూడదు. బండి రోడ్డు మీద పట్టు తప్పకుండా చూడటం నా పని. బండి ఎందుకు ఊగుతుందో జూనియర్లకు బొమ్మలు గీసి మరీ చెప్పేవాణ్ణి. ఆఫీసు దాటితే నాకింకో శాస్త్రం ఉంది, వాస్తు. తూర్పు ముఖం ఇల్లు దొరికేదాకా మా ఆవిడ సుజననీ, ఆ ఇళ్లు చూపించే పాపానికి మా రియల్టర్‌నీ ఊరంతా తిప్పాను. చివరికి ఆ అమెరికా ఆయనే ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడేవాడు.

అలాంటి నేను ట్రావెల్ ట్రైలర్ కొన్నాను. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉండి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లన్నమాట. తాను దూర కంత లేదు, మెడకో డోలన్నారు పెద్దలు. నా డోలుకి చక్రాలు కూడా ఉన్నాయి.

సుజనకి అది మొదట్నుంచీ గిట్టలేదు. తను సాఫ్ట్‌వేర్ టెస్టర్, తప్పులు పట్టడం వృత్తిధర్మం.

“ఒక్క ట్రిప్ చూస్తాను. దారిలో అది నన్ను భయపెట్టిందా, ఇంటికి రాగానే అమ్మకానికి పెట్టేస్తా. ఆ తర్వాత కాంపింగ్ అన్న మాట మీ నోట వినపడకూడదు.”

“బండి ఊగకుండా చూడ్డమే నా ఉద్యోగం కదా సుజనా!”

“అందుకే ఒక్క ట్రిప్ అన్నా ఒప్పుకున్నా.”

లేబర్ డే సెలవులకి ఉత్తరాన ఒక లేక్ దగ్గర మూడు కుటుంబాలం కలవాలనుకున్నాం. టిఫిన్లు మా వంతు. అమెరికన్లు కాంపింగ్‌కి బ్రెడ్ పట్టుకెళతారు. మనం వెట్ గ్రైండర్ పట్టుకెళతాం. గ్రైండరు, బియ్యం బస్తా, ఇడ్లీ పాత్ర, ఇనప పెనాలు, ఆవకాయ జాడీ, నీళ్ల బాటిళ్ల కేసులు ఇంటి ముందు డ్రైవ్‌వేలో పోగుపడితే, ఎవరో హోటల్ ఎత్తేసి సామాను బయట పడేసినట్టుంది.

అదిగో, అప్పుడు నాలోని శాస్త్రజ్ఞుడు నిద్ర లేచాడు. రెండో శాస్త్రజ్ఞుడు. ఫోన్‌లో దిక్సూచి తీశాను. ట్రైలర్ ముక్కు తూర్పుకి ఉంది. బరువు ఎప్పుడూ నైరుతి మూలనే ఉండాలి కదా! లెక్క చూస్తే అది సరిగ్గా ట్రైలర్ వెనక కుడి మూల అయింది.

“ఇంటికి చూశారు, ఊరుకున్నా. చక్రాలున్నదానికి కూడానా?” అంది సుజన.

“మంచం ఉంది, పొయ్యి ఉంది. ఇల్లు కాకపోతే మరేంటిది?”

మొత్తం సామాను ఆ వెనక మూలకే చేర్చాను. నడుం విరిగింది కానీ మనసు నిండింది. కారు మీద ట్రైలర్ బరువు ఆననే లేదు. “చూశావా, ఎంత తేలిగ్గా ఉందో!” అని మీసం కూడా దువ్వుకున్నాను. ట్రైలర్ ముక్కు అలా తేలిందంటే కొంప మునిగినట్టేనని జూనియర్లకు చెప్పేది నేనే. ఏం చెప్పమంటారు నా తెలివి!

హైవే ఎక్కి వేగం అందుకున్నాక, పెద్ద ట్రక్కొకటి మమ్మల్ని రయ్యిన దాటింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఒకసారి కదిలింది.

“ఏంటండీ అది?”

“గాలి.”

“గాలి మనకొక్కళ్లకే వీస్తోందా? ఆ పక్క కారు నిక్షేపంలా పోతోందే!”

ఇంతలో తోక ఇంకా గట్టిగా ఊగింది. నేను స్టీరింగ్ అటు తిప్పితే అది ఇటు, ఇటు తిప్పితే అది అటు. వెనక ఇడ్లీ ప్లేట్లు భజన మొదలెట్టాయి. స్టీరింగ్ తిప్పొద్దు, కారు బ్రేక్ తొక్కొద్దు, గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసెయ్యండి అని ఆఫీసులో ఎంత గంభీరంగా చెప్పేవాణ్ణో! ఇక్కడ నా నోట ‘ఆంజనేయా’ తప్ప ఇంకో ముక్క రాలేదు.

“కాలు తీయండి! గ్యాస్ మీంచి కాలు తీయండి! స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి!” అని సుజన అరిచింది.

తీశాను. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కనే వచ్చిన రెస్ట్ ఏరియాలోకి దూరి ఆగాం.

సుజన కిందికి దిగి, నేను కూడా దిగేదాకా ఓపిగ్గా ఆగింది. ఆ తర్వాత టెస్టింగ్ మొదలెట్టింది.

“మీ ఆఫీసులో, ట్రైలర్‌లో బరువు ఎక్కడుండాలని చెబుతారు?”

“ఇరుసుకి ముందు.”

“మనది ఎక్కడుంది?”

“వెనక.”

“ఎందుకు?”

“నైరుతి...”

ఆమె కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. “ఫోన్ తీయండి. ఇప్పుడు నైరుతి ఎక్కడుందో చూడండి.”

చూశాను. పార్కింగ్‌లో ట్రైలర్ ముక్కు పడమటికి ఉంది. నైరుతి ఎంచక్కా ముందు మూలకి వచ్చి కూర్చుంది. మేము తిరిగిన ప్రతి మలుపుకీ ఆ మూల మారుతూనే వచ్చిందన్న సంగతి ఈ మేధావికి అప్పుడు తట్టింది.

“మీ నైరుతి తనంతట తనే సరైన చోటికి నడిచొచ్చింది. మీరు గ్రైండర్ ఎత్తుకుని రండి.”

మోశాను. పక్కన పార్క్ చేసిన ముసలి దంపతులు శాండ్‌విచ్‌లు తింటూ వినోదం చూశారు. మొత్తం ముందుకి చేర్చాక సుజన మళ్లీ వంక పెట్టింది.

“అంతా ఒక పక్కేనా? సగం అటు పక్కకి జరపండి.”

“అది వాయవ్యం కదా!”

ఆమె చూసిన చూపు నేనిక్కడ రాయలేను. జరిపాను.

మిగతా దారంతా ట్రైలర్ కొత్త కోడలిలా తలొంచుకుని వెనకే వచ్చింది. లేక్ దగ్గర ఇడ్లీలు బ్రహ్మాండం అన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఇంటికి రాగానే అమ్మకం ఖాయమని తెలుసుగా!

తిరిగొచ్చి డ్రైవ్‌వేలో ఆగగానే సుజన ట్రైలర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

“అమ్మేస్తున్నావా?” అన్నాను.

“దీన్నెందుకండీ అమ్మడం? తప్పు దీనిది కాదుగా,” అని చెయ్యి చాపింది. “కారు తాళాలు ఇటివ్వండి.”

ఆనాటి నుంచి ట్రైలర్ తగిలిస్తే డ్రైవింగ్ ఆమెది, దారి చెప్పడం నాది. కనుక నా డ్రైవింగ్ లైసెన్స్ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో చక్రాలున్న దేనికీ వాస్తు చూడను. బండిలో కూర్చున్నంతసేపూ కుడి, ఎడమ తప్ప వేరే దిక్కు పేరెత్తను.