గంగాభవాని గారి చదువు

అరవై ఆరులో సామ్రాజ్యం టీచరుకు రేపల్లె అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో ఎలిమెంటరీ స్కూలుకు పోస్టింగు వచ్చింది. తెనాలి మనిషి. ఉప్పుగాలికి చీరలో గంజి నిలవలేదు కానీ, మాటలో నిలిచింది.

హెడ్మాస్టరు లక్ష్మయ్యగారు మొదటిరోజే హితబోధ చేశారు. “చేపలోళ్ల పిల్లలమ్మా వీళ్లు. సంతకం నేర్పామంటే మన పుణ్యం. అంతకు మించి ఆశపడితే మీకే తలనొప్పి.” ఎన్నో ఏళ్లుగా ఆయనది అదే మాట. పిల్లలూ ఆయన మాట పోనివ్వకుండా సంతకం దగ్గరే ఆగిపోయేవాళ్లు.

సామ్రాజ్యం మూడో తరగతిలోకి వెళ్లి, “గంగాభవాని గారూ, ఎనిమిదో ఎక్కం చెప్పండి” అంది.

పాలెంలో పిల్లల్ని గారు అనేది ఒక్క సందర్భంలోనే. పొద్దెక్కేదాకా పడుకుంటే, “రాణీగారు లేచారా?” అంటూ తల్లి చీపురందుకుంటుంది. అందుకని గంగాభవాని బావురుమంది. ఏడుస్తూనే ఎక్కం మొత్తం ఒప్పజెప్పింది.

సాయంత్రం తల్లి పిచ్చమ్మ చేపల తట్టతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మా పిల్లేం తప్పు చేసిందని గారు గారంటా దెప్పుతున్నావు పంతులమ్మా?”

“దెప్పలేదండి పిచ్చమ్మగారూ...”

“ఓరి నాయనో, నన్ను కూడానా! చాల్లే మీ చదువు. రేపట్నించి అది నాతోపాటు తట్టెత్తుద్ది.”

సామ్రాజ్యానికి ఒళ్లు మండింది. “మీ అమ్మాయి చదువుకుని ఆఫీసరైతే నేనైనా గారు అనాల్సిందేగా! ఆ అనేదేదో ఇప్పుడే అంటున్నాను” అంది. పిచ్చమ్మ తట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

“చెప్పానా!” అన్నారు లక్ష్మయ్యగారు, ఎంతో తృప్తిగా. ఆ రాత్రి సామ్రాజ్యానికి అన్నం సహించలేదు. తన మర్యాద పిల్ల చదువు తీసేసిందని కుమిలిపోయింది.

తెల్లారి బడి గంట కొట్టేవేళకి పిచ్చమ్మ మళ్లీ వచ్చింది. నెత్తిన ఒక తట్ట, చంకలో ఇంకోటి. వెనకాల పలకతో గంగాభవాని.

“ఇదిగో, తీసుకోండి. పొద్దున దీని నెత్తిన తట్ట పెట్టబోతే చెయ్యి రాలేదు. గారు అనిపించుకున్నోళ్ల చేత బరువు మోయించటం మా ఇళ్లల్లో లేదు” అంది పిచ్చమ్మ, ఇంకా కోపంగానే. “రెండూ నేనే మోసుకుంటాలే.”