కారు కప్పుకు చాచా వేసిన కుట్టు

పైకప్పు తెరుచుకునే ఖరీదైన విదేశీ కారు నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. అది ఇరవై ఏళ్లు పైబడి ముసలిదయ్యాకే నా జీతానికి అందింది. ఈమధ్య దాని కప్పు గుడ్డ చిరిగింది. కంపెనీ కప్పు తెప్పించే స్తోమత లేక, పొద్దున మట్టెవాడలో ఆటోలకు టాపులు కుట్టే చాచా దగ్గరికి తీసుకెళ్లాను.

చాచా చిరుగును చేత్తో తడిమి చూశాడు. “గట్టిగ బిగించి కుడితే వాన సుక్క కారది. కానీ మళ్ల తెరువరాదు. మడిచేటట్టు కుడితే జర కారుతది. ఏం జేద్దాం బిడ్డా?”

ఎండ, దుమ్ము, కోతులు. కొన్న ఈ రెండేళ్లలో నేను కప్పు తెరిచింది నాలుగైదు సార్లే. “బిగించెయ్ చాచా” అన్నాను.

చాచా సూది పక్కన పెట్టాడు. “నలభై ఏండ్ల సంది టాపులు కుడుతున్న. టాపు లేని కారు ఒక్కసారి సుత ఎక్కలే. కుట్టే ముందు ఒక్క చక్కర్ కొట్టిస్తవా?”

కప్పు తెరిచి ఖిల్లా దాకా తీసుకెళ్లాను. అలా తెరిచినప్పుడల్లా నన్ను ఎవరెవరు చూస్తున్నారా అని అటూ ఇటూ చూడడమే నా పని. చాచా మాత్రం తల వెనక్కి వాల్చి, దారి పొడుగునా ఆకాశాన్నే చూశాడు.

తిరిగొచ్చి కారు దిగుతూ, నన్ను అడగకుండానే తేల్చేశాడు. “మడిచేటట్టే కుడత. కారితే తుడుసుకో.”

నేను కాదనలేదు. సాయంత్రం ఇంటికొస్తుంటే వాన పడి కుడి భుజం తడిసింది. మీరైతే ఏ కుట్టు వేయించుకునేవారు?