తాతగారి బెలూన్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఒకచోట రాసిన కోడ్‌ని పదిచోట్ల అతికించడమే తెలివనుకునేవాణ్ణి. సైనిక్‌పురిలో ఒక బేకరీ పై అంతస్తులో మా ఆఫీసు. మా అమ్మ పాటలు పాడే చర్చికి యాప్ చేసే పని నా నెత్తిన పడింది (వాళ్లకు నచ్చితేనే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే కింద పఫ్ తిని ఇంటికి పోవడమే). పుట్టినరోజు, పెళ్లి, బాప్తిస్మం, మరణవార్త, ఒక్కోదానికి ఒక్కో కార్డు. అంచులూ రంగులూ అక్షరాల సైజులూ అన్నిటిలో మళ్లీ మళ్లీ రాశాను. మేమంతా అన్న అని పిలిచే మా టీమ్ లీడ్ అది చూసి, "ఏందిరా ఇది? జెర అంచు మార్చాలంటే అన్ని కార్డులు తిరగాల్నా? అంతా ఒక్క దగ్గర రాయి, తక్లీఫ్ పోతది," అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. పుట్టినరోజు కార్డు అందంగా ఉందని, మిగతావన్నీ దాన్లోనే కలిపేశాను. ఫోటో, పేరు, తేదీ, మనిషి గురించి ఇంతకంటే చెప్పడానికేముంటుంది అనుకున్నాను (అప్పటికి నాకు పెళ్లి కాలేదు). కోడ్ సగానికి సగం తగ్గింది. అమ్మకు ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

ఆ వారమే మెట్టుగూడలో, రైల్వేలో చేసి రిటైరైన తాతగారొకరు పోయారు. చర్చివాళ్లు ఆ కబురు యాప్‌లో పెట్టారు. గులాబీ రంగు అంచు మధ్య నుంచి తాతగారు సీరియస్‌గా చూస్తుంటే, ఆయన ముక్కు పక్కగా రంగురంగుల బెలూన్లు పైకి పోతున్నాయి. "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట మీద మెరుపు కాగితాలు రాలుతున్నాయి. అన్న ఫోన్ చేసి, "తాత ఫోటో మీద బెలూన్లు లేస్తున్నయ్‌రా. నీ నౌకరీ సుత వాటెంట పోయేటట్టుంది. నడువు, కాళ్లు పట్టుకుందాం," అన్నాడు.

తాతగారింటికి వెళ్లాం. తాతగారి భార్య గుంటూరు వైపు మనిషి. ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇప్పుడే తీసేస్తాను మామ్మగారూ," అన్నాను.

"ఉంచవయ్యా. బతికినన్నాళ్లూ పుట్టినరోజుకు కేకు కొయ్యనిచ్చేవారు కాదు, దండగనేవారు. ఇప్పుడు వద్దనడానికి ఆయన లేరుగా. భూస్థాపన అయ్యేదాకా ఎగరనివ్వు," అని నవ్వి, వెంటనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. అన్న గోడవైపు తిరిగాడు (నవ్వాపుకోలేక అని తర్వాత తెలిసింది). ఆవిడే ఉంచమన్నాక చర్చివాళ్లు మాత్రం ఏమంటారు? నా ఉద్యోగం నిలిచింది. భూస్థాపన అయిన సాయంత్రమే మరణవార్తకు వేరే కార్డు రాశాను.

ఇప్పుడు ఆఫీసులో నేనే అన్నని. కొత్తగా చేరినవాళ్లు, "అన్నా, ఈ ఒక్క కార్డు సెపరేట్‌గ ఎందుకు? కలిపేద్దామా?" అని అడుగుతుంటారు. వద్దంటాను. మొన్న నా పుట్టినరోజుకు ఇంట్లో కేకు తెస్తే, దండగ అనబోయాను. తాతగారి ముక్కు పక్కన బెలూన్లు గుర్తొచ్చి, నోరు మూసుకుని కోశాను.