ఎత్తేవాడు లేని పాట

మా బావ గొంతు ఎవరూ వినలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. విన్నామనుకుంటున్నవాళ్ళు శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ దాకా చాలామంది ఉన్నారు. వాళ్ళు విన్నది ఆయన్ని కాదు.

బావంటే మా అక్క మొగుడు. నన్ను పలాస పక్క పల్లె నుంచి రాయపూర్ తీసుకొచ్చి, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో ఖలాసీగా పెట్టించింది ఆయనే. ఖలాసీ అంటే బరువులు ఎత్తేవాడు, తోసేవాడు, లాగేవాడు. చదువక్కర్లేదు. నాకు లేదు కూడా. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వేలిముద్రే. రిటైరయ్యాక మా వర్క్‌షాప్ వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మనవాళ్ళు ఒక గదిలో పిల్లలకి తెలుగు నేర్పుతుంటే, వెనక బల్ల మీద కూర్చుని నేనూ అక్షరాలు దిద్దాను. అందుకే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

అప్పట్లో క్రేన్లు అన్ని మూలలకీ రాలేదు. చక్రాల జత కదలాలన్నా, ఇనుప దూలం లేవాలన్నా ముఠాగా చేరి సబ్బళ్ళు, అంటే గడ్డపారలు, వేసి ఎత్తాల్సిందే. బావ పాట ఎత్తేవాడు, మేం అందుకునేవాళ్ళం. మేం కేక వేసే క్షణంలోనే అందరి బలమూ ఒకేసారి పడాలి. ముఠాలో సగం మావైపువాళ్ళు, సగం ఛత్తీస్‌గఢీలు. మేం "ఎత్తో" అంటే వాళ్ళు "ఉఠావో" అనేవాళ్ళు. రెండూ కలిసి ఒకే కేకలా వినపడేది. చరణాలు ఏ రోజువి ఆ రోజే పుట్టేవి. చాలావాటిలో బూతులుండేవి. రాయదగినవి ఇలాంటివి.

"మేస్త్రి మీసం బరువా, చక్రాల జత బరువా?"

"ఎత్తో!"

"మా అత్త నోటి ముందర ఇనుమేపాటి బరువు?"

"ఎత్తో!"

అత్తంటే మా అమ్మ. నన్ను పక్కన పెట్టుకునే అనేవాడు. నేనూ గట్టిగానే అందుకునేవాణ్ణి, ఎందుకంటే అది నిజం.

ఒక్కడు ఆలస్యంగా అందుకున్నా బావ పాట ఆపేసేవాడు. పాట ఆగితే చేతులు ఆగిపోవాలి. ఎవడి చెయ్యి ఎక్కడుందో చూసి, వాణ్ణి నాలుగు తిట్టి, మళ్ళీ మొదటినుంచీ ఎత్తేవాడు. మాలో చాలామందికి వేళ్ళు మిగిలాయంటే ఆయన ఆపడం వల్లనే.

తర్వాత క్రేన్లొచ్చాయి. మంచిదే అయింది. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేనెప్పుడూ కోరుకోలేదు. కాకపోతే పాటతో ఎవరికీ పని లేకపోయింది. రిటైరైన కొన్నాళ్ళకి బావకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాట మధ్యలో ఆగి గాలి తీసుకునేవాడు. మందు పీల్చే గొట్టం ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది.

కరోనా రెండోసారి వచ్చి తగ్గిన ఏడు, కాలేజీలో చదివే ఆయన మనవరాలు ఒక కబురు తెచ్చింది. ఇంటర్నెట్‌లో దేశదేశాలవాళ్ళు పాటల పోటీ పెట్టుకుంటారట. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, ఎవరింట్లోంచి వాళ్ళే పాడతారు. ప్రతిసారీ ఒక ఊరి పేరు మీద జరుగుతుంది, ఈసారి రాయపూర్. ప్రారంభ వేడుకలో ఈ ప్రాంతపు పాటల చరిత్ర చూపిస్తారట. పొలం పాటలూ, పెళ్ళి పాటలూ దొరికాయి. రైలు కూలీల పాట కావాలని అడుగుతున్నారు.

"తాతా, పూరా దునియా ఇంటాది నీ పాట" అంది.

మా అక్క వంటింట్లోంచే అందుకుంది. "మెట్టెక్కలేనోడికి పాటొకటా? ఊపిరంత ఎక్కువైతే ఆ కూరగాయల సంచి మొయ్యమను."

"నీ నోరు మొయ్యడానికే సరిపోనాదే నా ఊపిరంతా" అన్నాడు బావ.

నవ్వాడు గానీ, నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చి అక్కడ అసలు మాట చెప్పాడు. "ఒరే, ఒక్కసారి చాల్రా. నానెత్తితే మీరందుకోవాల. అదెక్కడో దగ్గర ఉండిపోవాల. నాను పోనాక ఎవడెత్తుతాడు?"

ఆయన నోట అంత ఆశగా ఒక కోరిక రావడం నేనెప్పుడూ వినలేదు. మర్నాటి నుంచీ పొద్దున్నే వేడినీళ్ళు తాగడం, గొంతు సవరించుకోవడం. మా అక్క వేళాకోళం ఆపలేదు గానీ నీళ్ళు మాత్రం ఆవిడే కాచేది.

ముఠాలో మేమిద్దరం కాక మిగిలింది ఇద్దరే. ఒకడు పలాసలో కొడుకు దగ్గరున్నాడు. రెండోవాడు ఛత్తీస్‌గఢీ, ఉర్లా ఫ్యాక్టరీల వెనక బస్తీలో ఉంటాడు. వేడుక చేసే కుర్రాడు నలుగురినీ ఫోన్లో ఒకచోట కలిపాడు. ఉర్లావాడి ముఖం ఫోను అద్దమంతా నిండిపోయింది.

"కా గా, జియత్ హస్?" అన్నాడు. బతికే ఉన్నావా అని.

"నీకు చెప్పకుండా చస్తానా" అన్నాడు బావ, వాడి భాషలోనే. పలాసవాడు పళ్ళు లేని నోటితో పడీపడీ నవ్వాడు. ఆ కాసేపూ బాగుంది. తర్వాత బాగున్నది ఏదీ లేదు.

బావ మొదటి చరణం ఎత్తాడు. నేను పక్కనే ఉన్నాను గనక సమయానికి అందుకున్నాను. పలాస కేక కాసేపటికి వచ్చింది. ఉర్లా కేక దాని తర్వాత వచ్చింది. బావ ఆపేశాడు.

"ఎవడ్రా వెనకబడ్డాడు?"

"నానా? నాను టయానికే అన్నాను" అన్నాడు పలాసవాడు. ఆ మాటా ఆలస్యంగానే వచ్చింది.

మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ అదే. మళ్ళీ ఆపాడు. ఫోన్లో గొంతు చేరడానికి కొంచెం సేపు పడుతుందనీ, అందులో ఎవరి తప్పూ లేదనీ మనవరాలు చెప్పింది. బావ సరేనన్నాడు, అర్థమైందన్నాడు. మూడోసారి ఎత్తాడు, కేక వెనకబడగానే నోరు దానంతటదే మూతపడింది.

కుర్రాడు హిందీలో మర్యాదగానే చెప్పాడు. "దాదాజీ, ఆపకండి, పాడుతూనే ఉండండి. తర్వాత మేం కలుపుకుంటాం."

"ఆపకపోతే ఎలాగరా బాబూ" అన్నాడు బావ. కోపం లేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "ఎవుడో వెనకబడ్డాడు కదా."

అక్కడ బరువూ లేదు, సబ్బలూ లేదు, నలిగే చెయ్యీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆయన వల్ల కాలేదు.

చివరికి కుర్రాడు ఒక దారి చూపించాడు. బావ ఒక్కడే పాడాలి, కేక పడేచోట ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో తర్వాత వేరే గొంతులు పెడతారు. నన్ను నోరు మూసుకోమన్నారు. మరునాడు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఆయన ఎదురుగా ఫోను నిలబెట్టారు. బావ ఒక చరణం అని, నా ముఖం కేసి చూసేవాడు. నేను పళ్ళు బిగపట్టి కూర్చునేవాణ్ణి. ఆ ఖాళీలో ఆయన రొప్పు మాత్రం వినపడేది. తర్వాత ఇంకో చరణం. నాలుగైదు చరణాల తర్వాత దగ్గు అందుకుంది, మరి తగ్గలేదు. అక్క వచ్చి తలుపు తీసి ఫోను పక్కకి నెట్టేసింది. "చాలు. దునియా ఇన్నది చాలు."

ఉన్నదాన్నే పంపించారు.

వేడుక ఆదివారం మధ్యాహ్నం. మనవరాలు ఫోనుని టీవీకి కలిపింది. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు కూడా వచ్చారు. బావ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, నోటితో మందు పీల్చుకుని, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. దేశాల జెండాలు తిరిగాయి. ఒకమ్మాయి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. పొలంపాట వచ్చింది, పెళ్ళిపాట వచ్చింది. తర్వాత పట్టాలు, పాత వ్యాగన్ల బొమ్మలు. మనవరాలు "ఇదే, ఇదే" అంది.

మేస్త్రి మీసం చరణమే. డప్పులు మోగుతున్నాయి. ఎత్తింది ఎవరో కుర్రాడు, నదురూ బెదురూ లేని మంచి గొంతు. అందుకున్నది ఒక గుంపు. ఎక్కడా ఖాళీ లేదు. మధ్యలో బావ ముఖం చూపించారు. నోరు తెరిచి ఉంది, దానిమీద ఆ కుర్రాడి గొంతు పోతోంది. మా అత్త నోరు చరణం దాకా రాకుండానే అయిపోయింది. టీవీ నిండా ఎర్ర గుండెల బొమ్మలు పైకి ఎగిరాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

బావ మనవరాలి కేసి తిరిగాడు. "నానేడీ?"

అమ్మాయి లోపలికెళ్ళి వేడుక చేసిన కుర్రాడికి ఫోన్ చేసి వచ్చింది. గొంతులోంచి రొప్పునీ దగ్గునీ విడదియ్యడం కుదరలేదట. సమయం లేక ఇక్కడి గాయకుడితో మళ్ళీ పాడించారట. మాటలు తాతవే అని కింద వేశారట. నాకొచ్చిన అక్షరాలు తెలుగువే, కింద ఏం వేశారో నాకు తెలీదు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. క్షమించమని అడిగాడు. ఎవర్ని తిట్టాలో తెలిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"నువ్వెత్తు బావా, నేనున్నాను, అందుకుంటాను" అన్నాను.

"ఎందుకురా" అన్నాడు.

ఈలోగా ఊళ్ళనుంచి ఫోన్లు మొదలయ్యాయి. మనవరాలు ముందురోజే చుట్టాలందరికీ చెప్పి ఉంచింది. మేనల్లుడొకడు "మామా, గొంతింకా కుర్రోడిలాగే ఉన్నాది, ఏటి తింటన్నావు?" అన్నాడు. బావ "ఆఁ, ఏదో" అన్నాడు. ఇంకొకామె, మరొకాయన, అందరిదీ అదే మాట. మా అక్క చెప్పబోయింది, అది ఈయన కాదని. బావ చెయ్యెత్తి వద్దన్నాడు.

తర్వాత పలాసవాడు చేశాడు. అన్నేళ్ళు ఆ గొంతు కిందే సబ్బలు పట్టినవాడు. బావ ఫోను రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. వాడు అరిచే మాట నాకు బయటికే వినపడింది.

"గురువా, అదిరిపోనాది! నువ్వెత్తగానే నాకు చేతులు లేసిపోనాయి. నీ గొంతు నానెక్కడున్నా గుర్తుపడతాను."

వాడు అవతల "గురువా, ఇంటన్నావా?" అంటున్నాడు. బావ "ఇంటన్నాను" అన్నాడు. ఫోను నాకిచ్చి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ వేడుక గురించి ఆయన దగ్గర ఎవరం ఎత్తలేదు. పొద్దున్న వేడినీళ్ళు మానేశాడు.

బావ ఆ చలికాలం దాటలేదు. పెద్దకర్మ నాడు ఫోటోకి దండ వేసి, పక్కన చిన్న స్పీకరు పెట్టి, చుట్టాల కుర్రాళ్ళు ఆ పాటే పెట్టారు. తాత పాట అని. మనవరాలు నా కేసి చూసింది. నేను ఏం చెప్పాలి? భోజనాల దగ్గర ఊరంతా కూర్చుని ఉంది. డప్పులు, ఆ పాడిన కుర్రాడు, వెనక గుంపు. ముసలాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఆ గొంతు ఆయనది కాదని మా అక్కకి అందరికన్నా బాగా తెలుసు. గోడకి చేరగిలబడి, అది అయిపోయేదాకా విని, ఆవిడా ఏడ్చింది.