పిన్ని మోకాలు ఒప్పుకున్న దారి

మా చిన్నాన్నకు మెట్లంటే పడదు. ఎవరింటి ముందైనా నాలుగు మెట్లు కనిపిస్తే చాలు, ఆ ఇంటివాళ్లతో పాత తగువేదో ఉన్నట్టు చూస్తాడు. అలాంటి మనిషి ఇప్పుడు వాన కురిసినప్పుడల్లా పొద్దున్నే చీపురు పట్టుకుని, కొండ మీంచి మెట్ల మీదికి దిగిన బురద ఊడుస్తున్నాడు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. కానీ మొదట్నుంచీ చెప్పకపోతే ఎవరికీ మండదు.

ఊరి చివర కొండ, దాని చుట్టూ పార్కు. కొండెక్కే కాలిదారుల బాగోగులు చూసే మేస్త్రీ మా చిన్నాన్న. పార్కులో అందరూ ఆయన్ని వాలు మేస్త్రీ అంటారు. నోరు తెరిస్తే వాలు మాటే. దారి బయటి అంచువైపు కాస్త వాలి ఉండాలి, పడ్డ నీళ్లు పడ్డచోటే పక్కకు జారిపోవాలి, దారి వెంట పరుగెత్తకూడదు. రాయి పాతితే ముప్పాతిక వంతు నేలలోనే ఉండాలి. పాత దారి మూసేస్తే అక్కడ దారి ఉండేదన్న అనుమానం కూడా రాకూడదు, ఒక్క కాలు పడిందా, వెనకాలే వంద పడతాయి. ఈ పాఠం నాకు ఎక్కాల కంటే ముందొచ్చింది. చిన్నాన్న నెమ్మదస్తుడేమీ కాదు. ఎదుటివాడు ఒప్పుకున్నాక కూడా అరగంట వాదించే రకం.

పిన్ని ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. పెళ్లయిన కొత్తలో చేరి, రిటైరయ్యేదాకా ఆ తడినేల మీదే నిలబడి రోగుల దుప్పట్లు యంత్రాల్లో వేసింది, తీసింది. ఆదివారాలు కూడా డ్యూటీయే. దాంతో మొగుడు రోజూ ఎక్కిదిగే కొండను ఆవిడ ఒక్కసారీ ఎక్కలేదు. తీరా తీరిక దొరికేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. ఏటవాలుగా ఉంటే నడవచ్చు గానీ మెట్లు మాత్రం ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆవిడకున్న కోరిక ఒకటే. కొండ మీద చదును బండ నుంచి చూస్తే ఆ లాండ్రీ పొగగొట్టం కనిపిస్తుందట. అన్నేళ్లు తన ఒళ్లు హూనం చేసిన చోటు పైనుంచి ఎంత ఉంటుందో చూడాలి. చిన్నాన్న ఎప్పుడైనా అన్నం తింటూ, "పైనుంచి చూస్తే మీ లాండ్రీ..." అని మొదలెడితే చేయి అడ్డం పెట్టేది.

"చెప్పకండి. నేనే చూస్తాను."

అప్పటికి కొండెక్కడానికి ఉన్నది ఒకే దారి. జనం తొక్కీ తొక్కీ నిట్టనిలువుగా పడిన దారి. వానలకు కోసుకుపోయి మోకాలి లోతు గాడి అయింది. పడి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దాన్ని మూసేసి, కొండ చుట్టూ వంపులు తిరుగుతూ మెల్లగా ఎక్కే కొత్త దారి వేద్దామని చిన్నాన్న ఎన్నాళ్లనుంచో పోరుతున్నాడు. పార్కు శాఖ దగ్గర దమ్మిడీ లేదు.

చివరికి పార్కు మిత్రుల సంఘం అధ్యక్షురాలు పూనుకుంది. ఆవిడ రిటైరైన లెక్చరర్. ఆవిడ్ని తిట్టాలని ఎంత ప్రయత్నించినా నాకు సగం కోపమే వస్తుంది, ఎందుకంటే ఎండనక వాననక ఆఫీసుల గుమ్మాలు తొక్కింది ఆవిడే. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంది. సగం డబ్బు ముందు, జరిగిన పని చూశాక మిగతా సగం.

ఆ ఏడాది మా చిన్నాన్నను చూడాల్సింది. మనిషి పదేళ్లు చిన్నవాడయ్యాడు. వాలు చూసే లెవెల్ ట్యూబు ఉండనే ఉంది, కానీ ఆయన నమ్మింది పిన్ని మోకాలిని. ఏ రోజు తవ్విన ముక్క మీద ఆ సాయంత్రం ఆవిడ్ని కర్ర ఇచ్చి నడిపించేవాడు. ఆవిడ ఆగి మోకాలు పట్టుకున్నచోట మర్నాడు మళ్లీ తవ్వి, వంపు పొడిగించి, ఎత్తు తగ్గించేవాడు. కూలీలు నవ్వుకునేవాళ్లు. "మేస్త్రీ, ఇలాగైతే దారి పక్క ఊరిదాకా పోయి రావాలి" అనేవాళ్లు. పిన్నికి సిగ్గేసి, నొప్పి ఉన్నా లేదనేది. ఆయన ఆవిడ మాట వినేవాడు కాదు, కర్ర మీద ఎంత బరువు వేసిందో చూసేవాడు.

కొండ నడుమ ఒక బండ ఉంది. అక్కడిదాకా దారి పూర్తయిన రోజు పిన్ని దాని మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. పొగగొట్టం అక్కణ్నుంచి కనిపించదు, ఇంకో సగం ఎక్కాలి. ఆవిడ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కంపెనీవాళ్లు పని చూడటానికి వస్తున్నారన్నారు. ముందురోజు చిన్నాన్న దారంతా ఇల్లు సర్దినట్టు సర్దాడు. తవ్విన మట్టి కుప్పలు ఎత్తించేశాడు. కొత్తగా పాతిన రాళ్లను నాచుపట్టిన వైపు బయటికి కనిపించేలా తిప్పాడు. నడిమి బండదాకా మూసేసిన పాత గాడి మీద ఎండుకొమ్మలు, వాటి మీద ఆకులు. గునపాలు, పారలు సైతం షెడ్డులో దాచేశాడు.

"కాస్త తవ్విన మట్టయినా ఉంచండి. పని జరిగినట్టు వాళ్లకు తెలియాలిగా" అంది పిన్ని.

"నువ్వు లాండ్రీలో మరక ఉంచి పంపేదానివా, ఉతికినట్టు తెలియాలని?"

  పిన్నీ నేనూ నవ్వేశాం.

మర్నాడు అధ్యక్షురాలితో పాటు కంపెనీ అధికారిణి వచ్చింది. వెంట కెమెరా పట్టుకుని ఒకతను. కొంత దూరం నడిచాక అధికారిణి ఆగింది.

"కొత్త దారి ఎక్కణ్నుంచి మొదలవుతుంది మేస్త్రీగారూ?"

"మీరు నిలబడింది దాని మీదే."

"ఇది ఎప్పటినుంచో ఉన్న దారిలా ఉందే."

చిన్నాన్న పొంగిపోయాడు. జన్మలో అంత మెచ్చుకోలు ఆయన వినలేదు మరి.

"పాత దారి ఏమైంది?"

"మూసేశాం."

"ఎక్కడ?"

"కనిపించదమ్మా. కనిపించకపోవడమే పని."

అధ్యక్షురాలు గబగబా పాత ఫోటోలు తీసి చూపించింది. అధికారిణి ఫోటో చూసింది, కొండ చూసింది, మళ్లీ ఫోటో చూసింది. ఇదేదో వేరే కొండలా ఉందంది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. మర్యాదగానే అడిగింది.

"నేను మా పైవాళ్లకు చూపించాలి కదండీ. ఇక్కడ దేన్ని ఫోటో తీయమంటారు?"

"ఒక వాన పడనివ్వండి, అప్పుడొచ్చి చూడండి. నీళ్లెటు పోతాయో."

"వానదాకా ఆగే వీలు లేదండీ" అంది ఆవిడ.

మిగతా డబ్బు వచ్చింది. వంపుల దారికి కాదు. నిట్టనిలువుగా కింద నుంచి పైదాకా సిమెంటు మెట్లకు, పక్కన స్టీలు రెయిలింగుకు, మొదట్లో కంపెనీ పేరుతో కమానుకు. కొండకు రెండు దారులు చూసుకునే స్తోమత తమకు లేదు కాబట్టి, సగంలో ఆగిన వంపుల దారిని మూసేయమని పార్కు శాఖ చెప్పింది.

చిన్నాన్న సంఘం ఆఫీసుకెళ్లి ఒంటికాలి మీద లేచాడు. నేను పక్కనే ఉన్నాను. మెట్ల మీద నీళ్లు కాలవలా దిగుతాయన్నాడు, మట్టి కోసుకుపోతుందన్నాడు, మూడేళ్లలో మెట్ల కింద బోలవుతుందన్నాడు.

"నాకు తెలుసు మేస్త్రీ. వద్దంటే డబ్బు వెనక్కి పోతుంది. పైన ఇంకా మూయని పాత గాడిలో ఇంకొకరు పడతారు. అప్పుడు నేనేం చెప్పను?" అంది అధ్యక్షురాలు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నీళ్ల గురించి చెప్పాడు, మట్టి గురించి చెప్పాడు. మా ఆవిడ మెట్లెక్కలేదు అన్న ఒక్క ముక్క మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. నేను అందామని నోరు తెరిస్తే నా వైపు ఎలా చూశాడంటే, తెరిచిన నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చి పిన్ని మీద అరిచాను, నువ్వైనా వెళ్లి చెప్పు అని.

"నా మోకాళ్ల కోసం కొండంతా తవ్వాడంటారే. ఆయన పేరు పోతుంది" అంది.

దారి మూసే పని చిన్నాన్నకే అప్పగించారు. ఆ పని తెలిసింది ఆయనకే కదా. పిన్ని కోసం నడిమి బండదాకా అయినా వదిలేయమని బతిమాలాను.  పిన్నే అంది, "ఒక్క కాలు పడితే వెనకాలే వంద పడతాయి. మూస్తే సరిగ్గా మూయండి" అని. చిన్నాన్న సరిగ్గానే మూశాడు. ఆవిడ కర్ర ఆనిన ప్రతి వంపునూ తవ్వి వదులు చేసి, మొక్కలు నాటి, కొమ్మలు ఈడ్చి, ఆకులు పరిచాడు.

మెట్ల ప్రారంభోత్సవానికి పిన్నికి ముందు వరసలో కుర్చీ వేశారు. అధికారిణి చిన్నాన్నను గుర్తుపట్టి పలకరించింది.

"పోయినసారి మనం నడిచిన దారి ఎటువైపుంది?"

"ఇక్కడే."

ఆవిడ తొంగి చూసింది. "ఏమీ కనిపించడం లేదే."

"కనిపించదమ్మా" అన్నాడు చిన్నాన్న.

ఫోటో కోసం అందర్నీ మూడో మెట్టు మీదికి రమ్మన్నారు. పిన్నిని కూడా పిలిచారు. "డాక్టరు వద్దన్నాడు బాబూ" అని ఆవిడ కుర్చీలోనే ఉండిపోయింది. అతిథుల్ని వెంటబెట్టుకుని పైదాకా వెళ్లమని చిన్నాన్నకు చెప్పారు. వెళ్లాడు.

సాయంత్రం ఇంట్లో ఆయన చెప్పులు విప్పుతున్నాడు. పిన్ని మోకాలి మీద వేడిగుడ్డ వేసుకుని కూర్చుంది.

"పైనుంచి మా లాండ్రీ ఎలా ఉంటుంది?" అని అడిగింది.

చిన్నాన్న చెయ్యి చెప్పు మీదే ఆగిపోయింది. పెళ్లయ్యాక ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి. తలెత్తకుండానే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించాడు.

"పొగగొట్టం ఒక్కటే కనిపిస్తుంది. అగ్గిపుల్లంత."

"అంతేనా?"

"అంతే."

"పొగ వస్తోందా?"

"వస్తోంది."

"అయితే బాయిలర్ ఇంకా ఆపలేదన్నమాట" అని, పిన్ని గుడ్డ తీసి రెండో మోకాలి మీద వేసుకుంది.